చిన్న దేహం, చిన్న నిల్వ: టాయ్ జాతి కుక్కపిల్లల్లో రక్త గ్లూకోజు పతనం – గుర్తింపు, యాజమాన్యం

విత్తనం ఎంత చిన్నదైతే అంత పైపైన విత్తాలన్నది వ్యవసాయశాస్త్ర విద్యార్థి తొలి సంవత్సరంలోనే నేర్చుకునే సూత్రం. వెయ్యి నువ్వు గింజల బరువు సుమారు 3 గ్రాములు. వెయ్యి మొక్కజొన్న గింజల బరువు సుమారు 250 గ్రాములు. మొక్కజొన్నను 5 సెంటీమీటర్ల లోతున వేసినా మొలక నిలదొక్కుకొని పైకి వస్తుంది. నువ్వును అదే లోతున వేస్తే, మొలక వెలుగును చేరి స్వయంగా ఆహారం తయారుచేసుకొనే లోపే గింజలోని నిల్వ అయిపోయి, అది మట్టిలోనే నశించే ప్రమాదం ఉంది. అక్కడ తెగులు లేదు, పురుగు లేదు. ఉన్న నిల్వకూ దాటవలసిన దూరానికీ మధ్య లెక్క తప్పింది, అంతే.

చువావా, యార్క్‌షైర్ టెర్రియర్, మాల్టీస్, టాయ్ పూడిల్, పొమరేనియన్ వంటి టాయ్ జాతుల కుక్కపిల్లల్లో కనిపించే హైపోగ్లైసీమియా, అనగా రక్తంలో గ్లూకోజు పరిమాణం ప్రమాదకరంగా పడిపోవడం, చాలావరకు ఇటువంటి లెక్క తప్పిన స్థితే. క్రితం రోజు సాయంత్రం కొత్త ఇంటికి చేరిన కుక్కపిల్ల ప్రయాణపు బడలికతో, బెదురుతో ఏమీ తినకుండా నిద్రపోతుంది. తెల్లవారి చూస్తే చల్లబడి, మెడ నిలపలేక, పిలిచినా పలకక పడి ఉంటుంది. ఇంటివారు దిష్టి అనో, ఫిట్స్ అనో, పార్వో అనో భావిస్తారు. ఆ ఊహల్లో గడిచే అరగంటే కొన్ని సందర్భాల్లో ప్రాణాంతకమవుతుంది. సకాలంలో గుర్తిస్తే మాత్రం వంటింట్లో దొరికే వస్తువుతోనే ప్రథమ చికిత్స ఆరంభించవచ్చు. పశుపోషణకు సంబంధించిన ప్రశ్నలతోపాటు పెంపుడు కుక్కల ప్రశ్నలు కూడా విస్తరణ శాస్త్రవేత్తల ముందుకు వస్తున్నందున, ఈ స్థితికి మూలమైన శరీరధర్మాన్ని, యాజమాన్య పద్ధతులను తెలుసుకొని ఉండడం అవసరం.

నిల్వ – ఖర్చు: శరీరధర్మ నేపథ్యం

ఆహారం అందని వేళ రక్తంలో గ్లూకోజును నిలబెట్టే బాధ్యత ప్రధానంగా కాలేయానిది. ఫ్రెంచ్ శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ కేవలం మాంసం తిన్న కుక్కల్లో సైతం కాలేయం నుంచి వెలువడే రక్తంలో చక్కెర ఉన్నట్లు గమనించాడు. 1857లో కాలేయం నుంచి గ్లైకోజన్‌ను వేరుచేశాడు. శరీరం తన చక్కెరను తానే దాచుకొని, తానే తయారుచేసుకొని, అవసరాన్ని బట్టి విడుదల చేస్తుందన్న అవగాహనకు కుక్కల మీద జరిగిన ఆ పరిశీలనలే పునాది.

ఈ ఏర్పాటుకు రెండు అంచెలు ఉన్నాయి. మొదటిది కాలేయంలోని గ్లైకోజన్ నిల్వ. రెండవది కండరాల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు, కొవ్వు నుంచి వచ్చే గ్లిసరాల్ వంటి పదార్థాలతో కాలేయం కొత్తగా గ్లూకోజును తయారుచేసుకోవడం. ఆరోగ్యవంతమైన పెద్ద కుక్క కొన్ని రోజులు పస్తున్నా రక్త గ్లూకోజును నిలుపుకోగలగడానికి ఈ రెండవ అంచె బలమే కారణం. టాయ్ జాతి కుక్కపిల్లలో రెండు అంచెలూ బలహీనమే. కాలేయం చిన్నది, దానిలోని నిల్వ స్వల్పం. కండరాలు పలుచన, కొవ్వు తక్కువ. గ్లూకోజు తయారుచేసే ఎంజైముల వ్యవస్థ ఇంకా పరిణతి చెందలేదు.

నిల్వ తక్కువైన ఈ పిల్లలో ఖర్చు ఎక్కువ. 1932లో మాక్స్ క్లైబర్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు వ్యవసాయ పరిశోధన పత్రిక హిల్గార్డియాలో ప్రచురించిన వ్యాసంలో, జంతువుల శక్తి వినియోగం శరీర బరువుకు సమానుపాతంలో కాక, సుమారు మూడు వంతుల ఘాతంతో పెరుగుతుందని నిరూపించాడు. ఆ సూత్రం ఆధారంగా నేడు కిలోల్లోని బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో గుణించి, విశ్రాంతి స్థితిలో కుక్కకు రోజుకు కావలసిన కిలోకేలరీలను లెక్కిస్తారు. దీని ప్రకారం 20 కిలోల కుక్కకు సుమారు 660 కిలోకేలరీలు, అనగా కిలో బరువుకు 33 చొప్పున అవసరం. ఒక కిలో కుక్కపిల్లకు 70 కిలోకేలరీలు కావాలి. నాలుగు నెలల లోపు పెరుగుదల దశలో ఈ అవసరం దాదాపు మూడు రెట్లు, అనగా రోజుకు సుమారు 210 కిలోకేలరీలు. దీనికి తోడు బరువుతో పోలిస్తే చర్మపు వైశాల్యం ఎక్కువ కావడం వల్ల చిన్న దేహం త్వరగా వేడిని కోల్పోతుంది.

రక్తంలో ఉన్నదెంతో చూస్తే పరిస్థితి తీవ్రత మరింత స్పష్టమవుతుంది. ఒక కిలో కుక్కపిల్ల శరీరంలో సుమారు 85 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున లెక్కిస్తే మొత్తం రక్తంలో ఉన్న గ్లూకోజు 85 మిల్లీగ్రాములు, చిటికెడు చక్కెర కంటే తక్కువ. మెదడు తన ఇంధనం కోసం ప్రధానంగా ఆధారపడేది దీనిమీదనే. కాలేయం క్షణక్షణమూ దీనిని భర్తీ చేయలేకపోతే ముందుగా దెబ్బతినేది మెదడే.

ప్రమాద కాలం, ప్రేరకాలు

తల్లిపాలు మానే దశ నుంచి సుమారు నాలుగు నెలల వయసు వరకు ప్రమాదం అధికం. కండరాలు, కాలేయం పెరిగేకొద్దీ చాలా పిల్లల్లో ఈ స్థితి దానంతట అదే తొలగిపోతుంది. ఆరోగ్యంగా కనిపించే పిల్లలో కూడా ఏదో ఒక ప్రేరకం తోడైనప్పుడు లక్షణాలు బయటపడతాయి. వాటిలో ముఖ్యమైనవి: రాత్రి పొడవునా ఆహారం లేకపోవడం, అకస్మాత్తుగా ఆహారం మార్చడం, చలి, దూర ప్రయాణం, కొత్త ఇంటి బెదురు, పిల్లలు విరామం లేకుండా ఆడించడం, ఏలిక పాముల తాకిడి, వాంతులు, విరేచనాలు.

మన ప్రాంతంలో పొమరేనియన్‌గా పిలిచే తెల్ల కుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. ఇవి అసలు పొమరేనియన్ కంటే పెద్దవి కనుక వీటికి ప్రమాదం కొంత తక్కువ. దీనికి భిన్నంగా, ‘టీకప్’ పేరుతో విక్రయించే అతి చిన్న పిల్లలకు ప్రమాదం ఎక్కువ. టీకప్ అనేది ప్రత్యేక జాతి కాదు. అది కేవలం వ్యాపారులు పెట్టిన పేరు.

లక్షణాలు

లక్షణాలు సాధారణంగా మెట్లు మెట్లుగా వస్తాయి. మొదటి దశలో కుక్కపిల్ల ఆట మాని ఒక మూలన పడుకుంటుంది. తినడానికి ఇష్టపడదు, చూపు మందగిస్తుంది, వణుకు కనిపిస్తుంది. రెండవ దశలో తాగినట్లు తూలుతుంది, వెనుక కాళ్లు జారుతాయి, తల ఒక పక్కకు వాలుతుంది, చిగుళ్లు పాలిపోతాయి, శరీరం చల్లబడుతుంది. మూడవ దశలో కండరాలు ఎగిరిపడడం, మూర్ఛ, స్పృహ కోల్పోవడం సంభవిస్తాయి. ఈ దశ ఎక్కువసేపు కొనసాగితే మెదడుకు శాశ్వత నష్టం లేదా మరణం సంభవించవచ్చు.

మొదటి దశను నిద్రమత్తుగా పొరబడడం సర్వసాధారణం. నిద్రపోతున్న ఆరోగ్యకరమైన పిల్లను తట్టిలేపితే కొద్ది క్షణాల్లో చురుకుగా లేచి నిలబడుతుంది. గ్లూకోజు తగ్గిన పిల్ల లేచినా నిలదొక్కుకోలేదు. ఈ తేడాను యజమానులకు ముందే చెప్పి ఉంచాలి.

రక్త పరీక్షలో జాగ్రత్తలు

రక్త గ్లూకోజు డెసిలీటరుకు 60 మిల్లీగ్రాముల కంటే తగ్గితే హైపోగ్లైసీమియాగా పరిగణిస్తారు. 40–50 దిగువకు చేరినప్పుడు సాధారణంగా నాడీ సంబంధ లక్షణాలు కనిపిస్తాయి. అయితే అంకె ఒక్కటే ప్రమాణం కాదు. లక్షణాలు ఉండి, గ్లూకోజు తక్కువగా ఉండి, గ్లూకోజు ఇవ్వగానే లక్షణాలు తగ్గడం, ఈ మూడూ కలిసినప్పుడే నిర్ధారణ బలపడుతుంది.

విద్యార్థులు ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మనుషుల కోసం తయారైన గ్లూకోమీటర్లు కుక్క రక్తంలో అసలు విలువ కంటే తక్కువ చూపే అవకాశం ఉంది. రెండవది, సేకరించిన రక్తాన్ని అలాగే ఉంచితే అందులోని ఎర్ర రక్తకణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి. గంట గంటకూ విలువ తగ్గి, లేని వ్యాధి ఉన్నట్లు కనిపిస్తుంది. కనుక సీరంను వెంటనే వేరుచేయాలి, లేదా ఫ్లోరైడ్ కలిపిన గొట్టంలో రక్తాన్ని సేకరించాలి. అత్యవసర స్థితిలో ఉన్న పిల్లకు మాత్రం ప్రయోగశాల ఫలితం కోసం వేచి ఉండకుండా చికిత్స ఆరంభించాలి.

ఇంటివద్ద ప్రథమ చికిత్స

పిల్ల స్పృహలో ఉండి మింగగలిగితే, ఒక చెంచా గ్లూకోజు పొడిని నాలుగు చెంచాల గోరువెచ్చని నీటిలో కలిపి, కిలో బరువుకు 2–4 మిల్లీలీటర్ల చొప్పున చుక్కలు చుక్కలుగా చెంప లోపలి వైపు వేయాలి. గ్లూకోజు పొడి లేనప్పుడు తేనె, అదీ లేనప్పుడు చక్కెర నీరు వాడవచ్చు. చక్కెర పేగులో విడిపోయిన తరువాతే గ్లూకోజు రక్తంలోకి చేరుతుంది. చిన్న పిల్లల్లో చక్కెరను విడగొట్టే ఎంజైము ఇంకా పూర్తిస్థాయికి రాదు కనుక గ్లూకోజు పొడికే ప్రాధాన్యం. కృత్రిమ తీపి పదార్థాలు ఏవీ వాడరాదు. వాటిలో ఒకటైన జైలిటాల్ కుక్కల్లో ఇన్సులిన్‌ను విపరీతంగా విడుదల చేయించి రక్త గ్లూకోజును ఇంకా పడదోస్తుంది.

పిల్ల స్పృహ తప్పినా, మూర్ఛలో ఉన్నా నోట్లో ఏ ద్రవమూ పోయరాదు. అది ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియాకు దారితీస్తుంది. తేనెను గానీ, చిక్కటి గ్లూకోజు ద్రావణాన్ని గానీ వేలికొసతో పెదవి లోపలి వైపున, చిగుళ్లపై పలుచగా పూయాలి. దంతాల మధ్య వేలు పెట్టరాదు. చిగుళ్ల ద్వారా రక్తంలోకి చేరేది స్వల్పమే కనుక, పూస్తూనే పశువైద్యశాలకు బయలుదేరాలి.

తీపి అందించిన వెంటనే పిల్లను వెచ్చజేయాలి. గోరువెచ్చని నీటి సీసాను తువ్వాలులో చుట్టి పక్కన ఉంచితే చాలు. వేడి నేరుగా చర్మానికి తగిలితే కాలిన గాయాలవుతాయి. కుక్క సాధారణ శరీర ఉష్ణోగ్రత 101–102.5 డిగ్రీల ఫారన్‌హీట్. శరీరం బాగా చల్లబడినప్పుడు పేగుల కదలిక మందగిస్తుంది కనుక, వెచ్చబడేవరకు పాలు గానీ, ఘనాహారం గానీ పెట్టరాదు.

సాధారణంగా 5–10 నిమిషాల్లో పిల్ల తేరుకుంటుంది. తేరుకోగానే మాంసకృత్తులు, కొవ్వు ఉన్న ఆహారం కొద్దిగా పెట్టాలి. తీపి ఒక్కదానితో ఆపితే ఇన్సులిన్ విడుదలై, గంట రెండు గంటల్లో గ్లూకోజు మళ్లీ పడిపోవచ్చు. తేరుకోకపోతే ఆలస్యం లేకుండా, తేరుకున్నా అదే రోజున పశువైద్యునికి చూపాలి.

పశువైద్యశాలలో చికిత్స

50 శాతం డెక్స్‌ట్రోజ్‌ను కిలో బరువుకు 0.5–1 మిల్లీలీటరు చొప్పున తీసుకొని, రెండు నుంచి నాలుగు రెట్ల సెలైన్‌తో పలుచన చేసి, సిర ద్వారా నెమ్మదిగా ఎక్కించడం ప్రామాణిక పద్ధతి. పలుచన చేయని ద్రావణం సిరను దెబ్బతీస్తుంది. చర్మం కింద ఇస్తే కణజాలం కుళ్లుతుంది. పెద్ద మోతాదును ఒక్కసారిగా ఇస్తే ఇన్సులిన్ స్పందించి తిరిగి పతనం సంభవించవచ్చు. కనుక తొలి మోతాదు తరువాత 2.5–5 శాతం డెక్స్‌ట్రోజ్ కలిపిన ద్రవాలను కొనసాగిస్తూ, పిల్ల స్వయంగా తిని నిలదొక్కుకొనేవరకు గ్లూకోజును పదేపదే పరీక్షించాలి. ఈ చికిత్స నమోదిత పశువైద్యుని పరిధిలోనిది. విస్తరణ సిబ్బంది గానీ, యజమాని గానీ సూది మందులకు పూనుకోరాదు.

పొరబడే ఇతర వ్యాధులు

గ్లూకోజు ఇవ్వగానే పిల్ల లేచి నడిచిందంటే కథ ముగిసిందని భావించరాదు. గ్లూకోజు ఎందుకు పడిపోయిందన్న ప్రశ్నకు సమాధానం దొరకాలి. వాంతులు, రక్త విరేచనాలు ఉంటే పార్వో వ్యాధిని అనుమానించాలి. కళ్లు, ముక్కు నుంచి స్రావాలు, జ్వరం, కండరాల అదురు ఉంటే డిస్టెంపర్‌ను పరిశీలించాలి. ఉబ్బిన పొట్ట, మెరుపు లేని వెంట్రుకలు ఉంటే నట్టల కోసం పేడ పరీక్ష చేయించాలి. తీవ్రమైన బ్యాక్టీరియా సంక్రమణలో కూడా గ్లూకోజు పడిపోతుంది.

యార్క్‌షైర్ టెర్రియర్, మాల్టీస్ వంటి జాతుల్లో పుట్టుకతోనే కొన్ని పిల్లలకు పేగుల నుంచి వచ్చే రక్తం కాలేయాన్ని తప్పించుకొని నేరుగా ప్రధాన రక్తప్రసరణలో కలిసే లోపం ఉంటుంది. ఈ పిల్లలు వయసుకు తగినట్లు పెరగవు. సామాన్య హైపోగ్లైసీమియా లక్షణాలు ఆకలి వేళ కనిపిస్తే, ఈ లోపంలో మందకొడితనం, తికమక తరచు ఆహారం తిన్న తరువాత హెచ్చుతాయి. ఆహారానికి ముందు, తరువాత పైత్య ఆమ్లాల పరీక్ష చేసి దీనిని గుర్తించవచ్చు. వేళకు ఆహారం అందుతున్నా గ్లూకోజు మళ్లీ మళ్లీ పడిపోయే పిల్లల్లోను, అయిదారు నెలలు దాటిన తరువాత కూడా ఈ స్థితి కొనసాగే పిల్లల్లోను వేరే కారణాన్ని తప్పక వెదకాలి.

నివారణ: వేళ తప్పని ఆహారం

ఈ స్థితి నివారణలో ప్రధానమైనది ఆహారానికీ ఆహారానికీ మధ్య వ్యవధి. రెండు నెలల వయసు పిల్లకు పగలు 3–4 గంటలకు ఒకసారి, రోజుకు 5–6 మార్లు ఆహారం పెట్టాలి. రాత్రి చివరి ఆహారాన్ని 11 గంటల ప్రాంతంలోను, ఉదయం మొదటి ఆహారాన్ని 5 గంటల ప్రాంతంలోను పెడితే రాత్రి విరామం 6 గంటలకు పరిమితమవుతుంది. నాలుగు నెలల తరువాత పిల్ల బరువు, చురుకుదనం గమనిస్తూ క్రమంగా మార్లు తగ్గించవచ్చు.

ఎన్నిసార్లు పెట్టామన్నదే కాక ఏమి పెట్టామన్నది కూడా ముఖ్యం. పెరుగన్నమో, పాలల్లో నానిన బిస్కట్లో పెట్టడం మన ఇళ్లలో వాడుక. పెరుగన్నంలో 100 గ్రాములకు సుమారు 100 కిలోకేలరీలు ఉంటాయనుకుంటే, ఒక కిలో కుక్కపిల్లకు కావలసిన 210 కిలోకేలరీల కోసం 210 గ్రాములు, అనగా దాని బరువులో అయిదవ వంతు తినాలి. ఆ చిన్న పొట్టలో అంత పట్టడం కష్టం. పట్టినా కండరాల పెరుగుదలకు కావలసిన మాంసకృత్తులు చాలవు. కుక్కపిల్లల కోసం తయారైన సంపూర్ణాహారంలో 100 గ్రాములకు సుమారు 350–400 కిలోకేలరీలు ఉంటాయి కనుక 55–60 గ్రాములతో అవసరం తీరుతుంది. గోరువెచ్చని నీటిలో నానబెట్టి ఇస్తే చిన్న పిల్లలు సులభంగా తింటాయి. ఇంటి ఆహారమే పెట్టదలచినవారు ఉడికించిన కోడిమాంసం, గుడ్డు వంటివి చేర్చి, ఖనిజాలు, విటమిన్ల సమతుల్యత కోసం పశువైద్యుని సలహా తీసుకోవాలి.

వంటింటి తూకంపై ప్రతిరోజూ ఒకే వేళకు బరువు చూసి రాసుకోవడం ఖర్చులేని, ఉపయోగకరమైన అలవాటు. బరువు పెరగకపోయినా, తగ్గినా అది తొలి హెచ్చరిక. రెండవ వారం నుంచి ఎనిమిదవ వారం వరకు రెండు వారాలకు ఒకసారి, తరువాత ఆరు నెలల వరకు నెలకొకసారి నట్టల నివారణ మందు వేయించాలి. టీకాలు వేళకు ఇప్పించాలి. శస్త్రచికిత్సకు ముందు పెద్ద కుక్కలకు చెప్పినట్లు రాత్రంతా పస్తుంచరాదు. ఎంతసేపు ఆహారం ఆపాలో పశువైద్యుని అడిగి తెలుసుకోవాలి. తాగే నీటిలో రోజూ చక్కెర కలిపి ఉంచడం నివారణ కాదు. అది ఆకలిని చంపి, అసలు ఆహారాన్ని తగ్గిస్తుంది.

కొనుగోలు సమయంలో

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం కింద 2017లో వెలువడిన కుక్కల పెంపకం, విక్రయ నియమాల ప్రకారం 8 వారాల లోపు పిల్లలను విక్రయించరాదు. టాయ్ జాతుల విషయంలో ఈ నియమం పిల్ల ప్రాణానికి సంబంధించినది. నాలుగైదు వారాల పిల్లను తల్లి నుంచి వేరుచేయడమంటే పాలు, తల్లి వెచ్చదనం, తోడు పిల్లలు, ఈ మూడింటినీ ఒకేసారి తొలగించడమే. ఎనిమిది వారాలు నిండినా ప్రమాద కాలం ముగియదు. కనుక పిల్లను ఉదయం పూట, ఆహారం తిన్న తరువాత తీసుకువెళ్లడం, అప్పటివరకు తిన్న ఆహారాన్నే కనీసం వారం రోజులు కొనసాగించడం, ప్రయాణంలో ఆహారం, గ్లూకోజు పొడి వెంట ఉంచుకోవడం మేలు.

పశుపోషణలో ఇదే సూత్రం

విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ సూత్రం కుక్కపిల్లలతో ఆగదు. అప్పుడే పుట్టిన పందిపిల్ల కొవ్వు నిల్వ లేకుండా పుడుతుంది. తల్లి పాలు అందకపోతే ఒకటి రెండు రోజుల్లోనే గ్లూకోజు పడిపోయి మరణిస్తుంది. చలిగాలిలో పుట్టి ముర్రుపాలు తాగని గొర్రెపిల్లలకు, మేకపిల్లలకు ఇదే ముప్పు. పుట్టి 5 గంటలు దాటి, శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గిన గొర్రెపిల్లను వెచ్చజేయడానికి ముందే పశువైద్యుని చేత గ్లూకోజు ఇప్పించాలి. నిల్వలు అడుగంటిన దేహాన్ని ముందుగా వెచ్చజేస్తే ఖర్చు ఒక్కసారిగా పెరిగి మూర్ఛతో మరణించవచ్చు. చూడి చివరి వారాల్లో కవలలు మోస్తున్న గొర్రెకు తగిన దాణా అందనప్పుడు వచ్చే చూడి విషమత కూడా నిల్వకు మించిన ఖర్చు ఫలితమే.

టాయ్ జాతి కుక్కపిల్ల గురించి సలహా కోరి వచ్చిన యజమానిని విస్తరణ శాస్త్రవేత్త ముందుగా రెండు ప్రశ్నలు అడగాలి: రాత్రి చివరి ఆహారం ఎన్ని గంటలకు పెట్టారు? ఉదయం మొదటి ఆహారం ఎన్ని గంటలకు పెడుతున్నారు? ఆ రెండు వేళల మధ్య తేడా 8 గంటలకు మించితే సలహా అక్కడి నుంచే మొదలుకావాలి. ఇంట్లో గ్లూకోజు పొడి, సూది తీసిన చిన్న సిరంజి, దగ్గరి పశువైద్యుని ఫోను నంబరు ఒకేచోట ఉంచుకోమని చెప్పి పంపాలి.